అంచు పక్కన నా చోటు

ఆ నవలలో శిల్పి భార్య పదకొండు చోట్ల కనిపిస్తుంది. నేను లెక్కపెట్టాను. నాలుగు చోట్ల మజ్జిగ తెస్తుంది, మూడు చోట్ల గుమ్మంలో నిలబడుతుంది, రెండు చోట్ల ఏడుస్తుంది, ఒకచోట జ్వరంతో పడుకుంటుంది, చివరి చోట చచ్చిపోతుంది. ఆమె పోయిన పేజీలో శిల్పి విగ్రహానికి కన్ను చెక్కుతుంటాడు. కబురు తెచ్చిన మనిషిని చేత్తోనే ఆగమంటాడు. కన్ను పూర్తయ్యాక ఉలి పడేసి ఏడుస్తాడు. నేను ఆ పేజీ పైకి చదువుతుంటే మా ఆయన కూడా ఏడ్చాడు.

"ఎంత గొప్పగ రాసిండే" అన్నాడు, కండువాతో ముక్కు తుడుచుకుంటూ.

నాకు ఒళ్ళు మండింది. "ఆమె ఎందుకు సచ్చిపోయింది మరి, ఏం రోగం?" అని అడిగాను.

"ఏమో, జ్వరమొచ్చిందన్నడు గద. అది కాదే ఇందుల కత."

ఇది రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయిన నాటి సంగతి. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఒకే జిల్లా. ఏ ఊరని ఎవరైనా బయట అడిగితే పాలమూరు అనేవాళ్ళం. మాది గద్వాలలో మగ్గాలు ఉన్న వీధి. నా పుట్టిల్లు పాన్‌గల్ దగ్గర. మా నాయన కూడా నేతవాడే గానీ, నా చిన్నప్పుడే మగ్గం ఎత్తేసి నాలుగెకరాలు కౌలుకు తీసుకుని వేరుశనగ వేశాడు. నేను పదో తరగతిలో ఉండగా, పరీక్షలకు మూడు నెలలుందనగా పెళ్ళి చేశారు. "పరీక్షలదేముంది, అత్తగారింటికాడ రాస్తది తీ" అన్నారు పెద్దలు. అత్తగారింట్లో అడుగు పెట్టిన వారానికే నన్ను తీసుకెళ్ళి, కాళ్ళు కిందికి పెట్టుకుని నేసే మగ్గం గుంతలో మా ఆయన పక్కన కూర్చోబెట్టారు. ఆ తర్వాత పదిహేడేళ్ళు నేను అక్కడి నుంచి లేవలేదంటే పెద్ద అబద్ధమేమీ కాదు.

ఆ చోటు గురించి చెప్పకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచులు పట్టు. ఈ రెండూ విడివిడిగా నేసి కుట్టినవి కావు. మగ్గం మీదే, పోగు పోగుకూ నూలు వచ్చి పట్టును మెలివేసుకుని వెనక్కి తిరగాలి. మా దగ్గర దాన్ని కుప్పడం అంటారు. దానికి పోగును అటూ ఇటూ తీసుకెళ్ళే నాడెలు మూడు కావాలి. ఒకటి నూలుది, రెండు అంచులవి. ఒక్క మనిషికి రెండే చేతులు కాబట్టి నేసేవాడి పక్కన, అదే పలక మీద, భుజానికి భుజం ఆనించి ఇంకొక మనిషి కూర్చోవాలి. ఎడమ అంచు నాడె ఆ మనిషి చేతిలో ఉంటుంది. నూలు రాగానే అందుకుని, మెలివేసి, లాగి వదలాలి. ఎక్కువ లాగితే అతుకు ముడుచుకుంటుంది. తక్కువ లాగితే సందు పడుతుంది. ఎంత లాగాలో చెప్పడానికి కొలత ఏదీ లేదు, వేలికి తెలియాలి. అందుకే చీర మొదలుపెట్టినప్పుడు ఎవరు కూర్చుంటే, అయిపోయేదాకా వాళ్ళే కూర్చుంటారు. మధ్యలో చెయ్యి మారితే అతుకు అక్కడ చెప్పేస్తుంది.

మా వీధిలో చాలామంది ఈ పని మానేశారు. ఒక్క మనిషితో అయిపోయే అంచులు వచ్చాయి, చీర మగ్గం మీంచి తొందరగా దిగుతుంది, చూసేవాళ్ళకు తేడా తెలియదు. మా మరిది మగ్గమే వదిలేసి ఆటో కొనుక్కున్నాడు. మా ఆయన మాత్రం మారలేదు. "తేడా వాళ్ళకు తెల్వదు, నాకు తెలుస్తది" అనేవాడు. వినడానికి ఎంత బాగుంటుందో! ఆ మాట విన్నవాళ్ళంతా ఆయన వైపు గౌరవంగా చూసేవాళ్ళు. ఆ మాట నిలబెట్టడానికి పక్కన ఇంకొక మనిషి పొద్దున ఆరు నుంచి కూర్చోవాలన్నది ఎవరికీ తట్టేది కాదు.

ఆ ఏడు నాకు ముప్పై నాలుగు నిండాయి. మా వీధి చివర అంగన్‌వాడీలో టీచరు పని చేసే ఆమె కొడుకు దగ్గరికి కర్నూలు వెళ్ళిపోతోందని, ఆ చోటు ఖాళీ అవుతుందని తెలిసింది. ఆ పనికి అదే ఊరి కోడలై ఉండాలి, పదో తరగతి పాసై ఉండాలి, ముప్పై ఐదు దాటకూడదు. మూడింటిలో రెండు నాకున్నాయి, మూడోది ఒక్క ఏడాదిలో సంపాదించాలి. ఏడాది దాటితే ఎన్ని పరీక్షలు పాసైనా లాభం లేదు. నేను ఓపెన్ స్కూలులో పదికి ఫీజు కట్టాను. పాత బడి సర్టిఫికెట్టు పుట్టింటి వైపుది కావడంతో పరీక్ష సెంటరు వనపర్తిలో పడింది.

ఆ చోటు నాకెందుకంత కావాల్సి వచ్చిందో ఇప్పుడు చెప్పమంటే సిగ్గుగా ఉంటుంది. జీతం ఒక కారణం, కాదనను. అసలు కారణం మాత్రం రిజిస్టరు. ఆ టీచరమ్మ రోజూ పొద్దున రిజిస్టరు తెరిచి, పిల్లల హాజరు వేసి, కింద తన సంతకం పెట్టేది. మా ఇంట్లో పదిహేడేళ్ళలో ఎన్ని చీరలు దిగాయో, ఒక్కదాని మీదా నా సంతకం లేదు. ఆమె సంతకం పెడుతున్నప్పుడు నేను కిటికీలోంచి ఊరికే చూస్తూ నిలబడేదాన్ని.

ఎండాకాలం మధ్యాహ్నాలు మగ్గం నడవదు. గాలిలో తడి ఉండదు, పోగులు పుటుక్కున తెగిపోతాయి. పన్నెండు నుంచి నాలుగు దాకా నేతగాళ్ళు పడుకుంటారు. ఆ నాలుగు గంటలే నా చదువు. పిల్లలిద్దరూ తిని పడుకునేవాళ్ళు. మా తోటికోడలు పక్క వాటాలో ఉంటుంది, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది, పది పాసైంది. మధ్యాహ్నం వచ్చి నాకు లెక్కలు చెప్పేది. త్రిభుజాలు నాకు తొందరగానే పట్టుబడ్డాయి, సమీకరణాలు మాత్రం ప్రాణం తీశాయి. "అక్కా, ఇటుదాన్ని అటు పంపిస్తే గుర్తు మారుతది, అంతే" అని వందసార్లు చెప్పింది, ఒక్కసారీ విసుక్కోలేదు.

ఈ నాలుగు గంటల మీదికి ఆ నవల వచ్చి పడింది.

నాగర్‌కర్నూల్‌లో పాఠాలు చెప్పే ఒక లెక్చరర్ సారు చేతిపనుల మీద వ్యాసాలు రాసేవాడు. మా ఆయన గురించి ఎవరో చెబితే చూడటానికి వచ్చాడు. గుంతలోకి వంగి మగ్గం చూశాడు, ఫోటోలు తీసుకున్నాడు. ఫోటో తీసేటప్పుడు "అమ్మా, మీరు జర పక్కకు జరుగుతరా, వెలుతురు పడ్తలేదు" అన్నాడు. జరిగాను. రెండు నెలల్లో నాగర్‌కర్నూల్‌లో ఒక సభ చేస్తున్నామని, మా ఆయన పాత పద్ధతిలో ఒక మంచి చీర నేసి తెస్తే అందరి ముందు పెట్టి సన్మానం చేస్తామని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ సంచిలోంచి నవల తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. "ఇది చదవండి. మీ కథే రాసినట్టుంటది" అన్నాడు.

మా ఆయన మూడో తరగతితో బడి మానేశాడు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు, పేజీ దాటదు. "నువ్వు సదువు, నేను వింట" అన్నాడు. ఎప్పుడు? మధ్యాహ్నం. నా పుస్తకం ఒళ్ళోంచి తీసి కింద పెట్టి నవల తెరిచాను. మొదట్లో నాకూ బాగానే అనిపించింది, ఎందుకు అబద్ధం చెప్పాలి. రాయి మీద దెబ్బ వేసే పద్ధతి, ఏ రాయి ఏ మాటకు లొంగుతుందో అన్నదంతా రచయిత తెలిసినవాడిలా రాశాడు. పోను పోను శిల్పి బాధ ఎక్కువైంది. భూమి అమ్ముకున్నాడు, అన్నదమ్ములు దూరమయ్యారు, పిల్లవాడు పలకరించడం మానేశాడు, అన్నీ కళ కోసమే. మా ఆయన పడుకుని వినేవాడు కాస్తా లేచి కూర్చుని వినసాగాడు. నేను చదివే ప్రతి మాటకూ తల ఊపేవాడు. తోటికోడలు లెక్కల పుస్తకం పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి వెళ్ళిపోయేది.

సభకు తీసుకెళ్ళే చీర అప్పటికే మొదలుపెట్టాం. అంచులో హంసల వరుస. లెక్క ప్రకారం పరీక్షలకు పది రోజుల ముందే దిగిపోవాలి. ఆ పది రోజులూ నేను చదువుకుంటానని, మగ్గం జోలికి రానని ముందే చెప్పాను, ఆయనా సరేనన్నాడు. అంతా సవ్యంగానే నడుస్తుండగా నవలలో ఒక అధ్యాయం వచ్చింది. విగ్రహం పూర్తి కావడానికి ఒక్కరోజు ఉందనగా శిల్పికి ఎడమ కనుబొమ్మ వంపు నచ్చదు. ఎవరూ గుర్తుపట్టరని శిష్యులు బతిమాలతారు. ఆయన సుత్తి తీసుకుని విగ్రహం ముఖం పగలగొట్టి మళ్ళీ కొత్త రాయితో మొదలుపెడతాడు. ఆ అధ్యాయం నేను గొంతు బాగా సవరించుకుని, ఆగాల్సిన చోట ఆగి, అందంగా చదివాను. నా నోటితో నేనే చదివాను.

మర్నాడు పొద్దున నేను పొయ్యి దగ్గర ఉండగా మగ్గం చప్పుడు కాకుండా వేరే చప్పుడేదో వచ్చింది. వెళ్ళి చూస్తే ఆయన గుంతలో కూర్చుని నేసింది విప్పుతున్నాడు. ఒక్కో పేక ఊడదీసి పక్కన వేస్తున్నాడు. అప్పటికే బెత్తెడు విప్పేశాడు.

"ఏం చేస్తున్నవ్?"

"హంసల మెడ సక్కగ లేదే. ముందుకు వంగినట్లుంది. రెండు మూరల కిందికెల్లి గట్లనే వచ్చింది."

"నాకేం వంగినట్లు లేదు. ఎవనికి కనవడ్తది?"

"నాకు కనవడ్తుంది" అన్నాడు. అన్న తీరు కూడా ఆ శిల్పిదే. నిన్న మధ్యాహ్నం దాకా ఆ హంసలు ఆయనకు బాగానే ఉన్నాయి. అంత కోపం నాకు జీవితంలో మళ్ళీ రాలేదు. కత్తెర తీసి ఆ పడుగు మొత్తం కోసి పారేద్దామనుకున్నాను. "ఆయనకు పరీక్షలున్న పెండ్లాం లేదు, రాయి ఉంది, పగలగొట్టుకున్నడు. నాకు పరీక్షలున్నయ్" అని అరిచాను. ఆయన విప్పడం ఆపలేదు. పట్టు పోగు తెగకుండా విప్పడం నేయడం కంటే కష్టం. రెండు మూరలు విప్పడానికి నాలుగు రోజులు, మళ్ళీ నేయడానికి ఆరు రోజులు. నా పది రోజులూ సరిగ్గా అందులోకి పోయాయి. విప్పినప్పుడు తెగిన పట్టు మార్చేసరికి ఇంకో వారం పని పరీక్షల్లోకి కూడా జారింది.

లెక్చరర్ సారు చీర ఎంతవరకు వచ్చిందో చూడటానికి మళ్ళీ వచ్చాడు. విప్పి నేశారని తెలిసి ఆయన కళ్ళు చెమర్చాయి. "చూశారా, నవలలో ఉన్నట్టే!" అన్నాడు. నేను టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, "సార్, ఆ శిల్పి పెండ్లాం ఏం పనిచేస్తుండె? ఉలికి పదును పెడుతుండెనా, రాయి పట్టుకుంటుండెనా? రాసినాయన యాడ చెప్పలె" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఆ నవల ఆమె గురించి కాదు కదమ్మా" అన్నాడు. టీ బాగుందన్నాడు.

పరీక్షలు మొదలయ్యాయి. రోజు విడిచి రోజు, మొత్తం ఐదు. పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే ఎర్రవల్లి, బీచుపల్లి, పెబ్బేరు మీదుగా ఎనిమిది లోపలే వనపర్తి, పరీక్ష తొమ్మిదిన్నరకు. తెలుగు, ఇంగ్లీషు, సైన్సు, సోషలు నాలుగూ రాశాను. నాలుగూ పాసవుతానని రాసి బయటికి వస్తున్నప్పుడే తెలిసింది. ఆ నాలుగు రోజులూ మా ఆయన మగ్గం ముట్టుకోలేదు. నేను వెళ్తుంటే "మంచిగ రాయి" అన్నాడు. నన్ను వద్దని ఆయన ఎన్నడూ అనలేదు, నిజం. ఆగిన మగ్గం ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాడు. సాయంత్రం నేను తిరిగి వచ్చేసరికి అలాగే ఉండేవాడు. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని.

చివరిది లెక్కలు. ఆ రోజుకు సభ మూడు రోజులుంది, చీరలో మూడు రోజుల పని మిగిలింది. ఒక్క పూట పోయినా అందదు. ముందు రోజు సాయంత్రం ఆయనే అన్నాడు.

"నీ తోటికోడల్ని కూసోమందాం. నువ్వు పోయి రాసిరా. ఒక్క పూటనే గద."

"చెయ్యి మారితే తెలుస్తదంటివి?"

"జర తెలుస్తది. కొంగు దాటినంక మడతల పోతది. ఎవరు చూస్తరు?"

నేను నమ్మలేకపోయాను. ఆయన ఎంత కష్టపడి ఆ మాట అన్నాడో నాకు తెలుసు. సంతోషంగానే పడుకున్నాను. పొద్దున తోటికోడలు స్నానం చేసి, తల మీద కొంగు వేసుకుని వచ్చింది. నాడె పట్టడం ఆమెకు తెలుసు, పెళ్ళయిన కొత్తలో మా మరిది పక్కన కూర్చున్నదే. నేను చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోంచి చూశాను. నాలుగైదు పోగులు పడ్డాయి. "మంచిగనే వస్తుంది, నువ్వు పో" అన్నాడు ఆయన.

బస్సు ఎర్రవల్లి చౌరస్తా దాటి పెద్దరోడ్డు ఎక్కింది. లెక్కల పుస్తకం ఒళ్ళో తెరిచి ఉంది, కళ్ళు మాత్రం అందులో లేవు. నా ఎడమచేతి రెండు వేళ్ళు వాటంతట అవే ఏదో లాగుతున్నాయి. అప్పుడు తట్టింది నాకు. ఆమె పలక మీద దూరంగా కూర్చుంది. కూర్చోదు మరి, పక్కనున్నది బావ. మా ఇళ్ళల్లో మొగుడి అన్న ఎదురైతే పక్కకు తప్పుకుంటారు, భుజానికి భుజం ఆనించి ఎట్లా కూర్చుంటుంది? జానెడు ఎడం పెట్టి, పలక చివర కూర్చుని, చెయ్యి చాపి నాడె అందుకుంటోంది. అంత దూరం నుంచి అందుకుంటే పోగు గట్టిగానే లాగుతారు. మెత్తగా లాగమన్నా లాగలేరు. పూట గడిచేసరికి బెత్తెడు అతుకు ముడతలు పడుతుంది. కొంగు పక్కన, భుజం మీదికి వచ్చే చోట. మడతల్లో పోతుందని ఆయన అన్నది అబద్ధం. ఆయన నాకోసం అబద్ధం ఆడాడు.

ఇది తెలిసినప్పుడు నేను ఏమనుకోవాలి? పోతే పోనీ అనుకోవాలి. పదిహేడేళ్ళు కూర్చున్నాను, ఒక్క బెత్తెడు పాడైతే ఆకాశం విరిగి పడదు అనుకోవాలి. బుద్ధి ఉన్నవాళ్ళు ఎవరైనా అదే అనుకుంటారు. బీచుపల్లి రాగానే బస్సులో అందరూ ఆంజనేయస్వామి గుడి వైపు తిరిగి దండం పెట్టుకుంటున్నారు. ఇద్దరు దిగుతున్నారు. వాళ్ళ వెనక నేనూ దిగాను.

దిగి, బస్సు వంతెన ఎక్కి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. అప్పటికైనా వెనక ఇంకో బస్సు ఎక్కి ఉండొచ్చు, పది నిమిషాలకొకటి వస్తూనే ఉన్నాయి. నేను రోడ్డు దాటి అవతలి వైపుకు వెళ్ళి నిలబడ్డాను. నాకు నా మీద ఉమ్మెయ్యాలన్నంత అసహ్యం వేసింది. అయినా ఎర్రవల్లి ఆటో ఎక్కాను, అక్కడ గద్వాల బస్సు పట్టుకున్నాను.

ఇంట్లోకి వచ్చేసరికి రెండు వేళ్ళ మందం నేశారు. అతుకు నేను బస్సులో చూసినట్టే ఉంది. తోటికోడలు నన్ను చూసి భయపడి లేచి నిలబడింది. "అక్కా, పరీక్ష?" అంది. నేను సంచి మూలన పడేశాను.

"విప్పు" అన్నాను మా ఆయనతో.

ఆయన నా ముఖం చూశాడు. "నడుస్తది తీ. మల్ల పోరాదు, ఇంకా టైమున్నది. ఆటో కట్టుకొని పో."

"నడువది. విప్పు."

"నువ్వేనా గీ మాట అనేది?"

"నేనే. విప్పు."

ఆయన కదలకపోతే నేనే గుంతలో దిగి విప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆయనా చెయ్యి వేశాడు. వనపర్తిలో లెక్కల పేపరు ఇచ్చే సమయానికి నేను వంకర పోయిన పట్టును పోగు పోగుగా ఊడదీస్తున్నాను. ఎవరూ నన్ను కట్టేయలేదు. ఎవరి మీద కోపం చూపాలో తెలియక ఆ రోజంతా పిల్లల మీద అరిచాను. నెలరోజులుగా ఆ శిల్పిని, ఆ రచయితను, ఆ సారును, మా ఆయనను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. వాళ్ళలో ఎవరూ చేయని పని నేను చేసి కూర్చున్నాను.

రెండు రాత్రులు కూడా కూర్చుంటే చీర అందింది. నాగర్‌కర్నూల్‌లో సభ బాగా జరిగింది. చీరను వేదిక మీద తాడుకు ఆరవేశారు. మా ఆయనకు శాలువా కప్పారు, పూలదండ వేశారు, జ్ఞాపిక ఇచ్చారు. లెక్చరర్ సారు నవలలోని శిల్పితో మా ఆయనను పోల్చి అరగంట మాట్లాడాడు. "ఈ తపస్సుకు ఆయన చెల్లించిన మూల్యం మనకు తెలియదు" అన్నాడు. చివర్లో నా వైపు చెయ్యి చూపించి, "ఆ ఇల్లాలి సహకారం కూడా మరువలేనిది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. సహకార సంఘం అంటే ఎరువు బస్తాలు ఇచ్చేది అని మాత్రమే నాకు తెలుసు. మా ఆయన మైకు ముందు నిలబడి, "నాకు మాట్లాడ రాదు, నమస్కారం" అని దిగిపోయాడు. ఒకరిద్దరు ఆడవాళ్ళు వేదిక మీదికి వెళ్ళి చీరను ముట్టుకుని చూశారు. హంసలు ఎంత ముద్దుగా ఉన్నాయో అన్నారు. అతుకు మీద వేలు పెట్టి ఎవరూ చూడలేదు. చూడటానికి అక్కడ ఏమీ లేదు కూడా. పని బాగా కుదిరితే నా చెయ్యి అందులో ఉన్నట్టే తెలియదు, పాడు చేసి ఉంటే అందరూ గుర్తుపట్టేవాళ్ళు. ఎవరు పెట్టారో గానీ ఇంత దిక్కుమాలిన ఏర్పాటు ఇంకొకటి లేదు.

ఇంటికి వచ్చాక మా ఆయన శాలువా తీసి నా భుజాల మీద కప్పబోయాడు. ఆయన మనసులో మంచే ఉంది, అది నాకు తెలుసు. "ఉక్కపోస్తుంది, తీయ్" అన్నాను.

ఫలితాలు వచ్చాయి. నాలుగు పాస్, లెక్కల దగ్గర గైర్హాజరు. మళ్ళీ రాసే వీలుంది గానీ, అది రాసి పాసయ్యే లోపల నాకు ముప్పై ఐదు దాటిపోతాయి. అంగన్‌వాడీ టీచరమ్మ కర్నూలు వెళ్ళిపోయింది. వర్షాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున సూపర్‌వైజరమ్మ ఫారాల కట్ట పట్టుకుని మా వీధికి వచ్చింది. పది పాసైన కోడళ్ళు ఎవరున్నారని ఇంటింటా అడుగుతూ మా గుమ్మం ముందు ఆగింది. పాత టీచరమ్మ నా గురించి ఆమెకు ముందే చెప్పి ఉంది.

"నువ్వు పరీక్షలు రాస్తున్నవని చెప్పిందమ్మా ఆమె. పాసైనవా?"

"లెక్కలు పోయినయ్ మేడం."

"అయ్యో. పేపరు గట్టిగొచ్చిందా?"

"నేను పేపరే చూడలె. బీచుపల్లి కాడ బస్సు దిగి ఎనకకొచ్చిన."

"ఏమైంది, పానం బాగలేకుండెనా?"

బాగలేదని చెబితే సరిపోయేది, ఆమె నమ్మేది. ఎందుకో ఆ ఒక్క మనిషికైనా నిజం చెప్పాలనిపించింది. ఆమెను లోపలికి తీసుకెళ్ళాను. మగ్గం మీద వేరే చీర సగం వరకు వచ్చి ఉంది. మా ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు. నూలుకూ పట్టుకూ మధ్య అతుకు దగ్గర ఆమె వేలు పెట్టించి, ఇక్కడ ఇంకొకరు కూర్చుంటే పాడవుతుందని వచ్చేశానని చెప్పాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసింది. వేలితో రెండుసార్లు కిందికీ పైకీ రాసింది.

"ఏది? నాకేం కనవడ్తలేదు గద ఈడ" అంది.

"కనవడొద్దు మేడం. అందుకే వచ్చిన."

ఆమె నన్నూ మగ్గాన్నీ మార్చి మార్చి చూసింది. ఆమెకు అర్థం కాలేదు, కావాలని నేనూ అనుకోలేదు. "పది పాసైనోళ్ళు మీ ఇంట్ల ఇంకెవరన్న ఉన్నరా మరి?" అని అడిగింది.

పక్క వాటా తలుపు నేనే తట్టాను. తోటికోడలు పిండి చేతులతో బయటికి వచ్చి, సంగతి విని, వద్దన్నట్టు నా వైపు చూసింది. నేను ఆమె చేతులు కడిగించి, ఫారం అరుగు మీద పరిచి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను. లోపల మా ఆయన నూలు నాడె విసిరి, నా కోసం ఆగి ఉన్నాడు.